గాలి ఏ దారిన వస్తోంది: పాత బండిలో తగ్గని ఐడిలింగ్

సభకు నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడవలసిన విషయం వినడానికి చిన్నదే. బండి బాగా వేడెక్కిన తరువాత, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేసినా, ఇంజన్ వేగం దిగవలసినంత దిగదు. మెకానిక్‌లు దీనిని "రైజింగ్ తగ్గడం లేదు" అంటారు. యజమాని అయితే "నేను తొక్కకపోయినా అదే పోతోంది" అంటాడు. ఇద్దరూ చెప్పేది ఒకటే. ఇలాంటి బండి రాగానే బానెట్ ఎత్తి, ఐడిల్ వేగాన్ని, అంటే కాలు తీసినప్పుడు ఇంజన్ తిరిగే వేగాన్ని, సరిచేసే ఐడిల్ స్క్రూను ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, "అయిపోయింది, తీసుకెళ్లండి" అనడం మన వృత్తిలో చాలా పాత అలవాటు. నిన్నటి వరకు సరిగ్గా నడిచిన బండిలో ఆ స్క్రూ తనంతట తాను తిరగలేదు కదా! మరేదో మారింది. ఆ మారినది ఏమిటో తెలియకుండా స్క్రూ తిప్పితే, ఒక లోపం ఉన్న బండిని రెండు లోపాలున్న బండిగా తిరిగి ఇచ్చినట్టే. అందువల్ల ఈ ప్రసంగంలో స్క్రూ సంగతి చివరకు వస్తుంది.

పెట్రోలు ఇంజన్ ఐడిల్‌లో ఉన్నదంటే, దాని గొంతు పట్టుకుని బిగించి ఉంచామని అర్థం. లోపలికి పోయే గాలిని థ్రాటిల్ పలక దాదాపుగా మూసేస్తుంది. పిస్టన్లు మాత్రం లాగుతూనే ఉంటాయి. అందువల్ల మ్యానిఫోల్డ్‌లో, అంటే గాలిని సిలిండర్లకు పంచే గొట్టాలలో, గట్టి వాక్యూమ్ (బయటి కంటే తక్కువ పీడనం) ఏర్పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌కు వాక్యూమ్ గేజి తగిలిస్తే, సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న చోట, సూది సాధారణంగా 17 నుంచి 21 అంగుళాల పాదరసం మధ్య కదలకుండా నిలబడుతుంది. ఎత్తుకు పోయేకొద్దీ, ప్రతి వెయ్యి అడుగులకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. అంటే ఐడిల్‌లో మ్యానిఫోల్డ్ లోపల బయటి వాతావరణ పీడనంలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే మిగిలి ఉంటుంది. ఇంత ఒత్తిడి తేడా ఉన్నప్పుడు ఒక చిన్న రంధ్రం దొరికినా గాలి అందులోంచి దాదాపు ధ్వనివేగంతో దూసుకుపోతుంది. మనకు వినిపించే "స్‌స్‌" శబ్దం అదే.

ఒక లెక్క చెబుతాను. 1200 సీసీ ఇంజన్ 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) దగ్గర తిరుగుతున్నప్పుడు దానికి కావలసిన గాలి నిమిషానికి నూరు లీటర్ల పైచిలుకు మాత్రమే. ఆ వాక్యూమ్‌లో 4 మి.మీ. వ్యాసం ఉన్న రంధ్రం కూడా ఇంచుమించు అంతే గాలిని లోపలికి పంపగలదు. పెన్సిల్ కూడా దూరని రంధ్రం ఇంజన్ ఐడిల్ గాలిని రెట్టింపు చేస్తుందన్న మాట. అదే బండి రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు థ్రాటిల్ తెరుచుకుని గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి, ఈ రంధ్రం వాటా లెక్కలోకే రాదు. "రోడ్డు మీద బంగారంలా పోతుంది, సిగ్నల్ దగ్గర ఆపితేనే గోల" అని యజమాని చెప్పినప్పుడు నేను ఆ మాటను ఫిర్యాదుగా కాక సగం రోగనిర్ణయంగా తీసుకుంటాను.

అయితే మొదట ఐడిల్ నిజంగా ఎక్కువగా ఉందో లేదో తేల్చుకోవాలి. చల్లని ఇంజన్ 1200 నుంచి 1500 వరకు తిరగడం జబ్బు కాదు. దానిని అలాగే తయారు చేశారు. రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగిన తరువాత, ఏసీ, దీపాలు, బ్లోయరు అన్నీ ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి చూసిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. నాలుగు సిలిండర్ల పాత పెట్రోలు బండ్లలో చాలావాటికి అది 750 నుంచి 900 మధ్య ఉంటుంది. మీ బండికి చెప్పిన అంకె బానెట్ కింది స్టిక్కరు మీదనో, మాన్యువల్‌లోనో ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీటరును పూర్తిగా నమ్మవద్దు; పాత మీటర్లు వందా రెండువందలు ఎక్కువ చూపించడం నాకు కొత్త కాదు.

అంకె తేలిన తరువాత దాని నడవడిక గమనించాలి. ఎప్పుడూ ఒకే ఎత్తులో నిలబడి ఉందా? కాలు తీసిన తరువాత కాసేపు పైనే వేలాడి, ఆ తరువాత మెల్లగా దిగుతోందా? 1000కీ 1800కీ మధ్య ఊయలలాగా ఊగుతోందా? చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక మొదలవుతోందా, లేక చల్లగా ఉన్నప్పుడు పెరిగిన వేగం వేడెక్కినా దిగడం లేదా? ఈ ప్రశ్నలకు జవాబు యజమాని దగ్గరే ఉంటుంది. పది నిమిషాలు ఓపికగా అడిగితే పూట పని తప్పుతుంది.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముందు చేసే పరీక్ష చెబుతాను. దానికి కావలసినది ఒక నున్నటి చెక్క పలక, దానికి అంటించిన రబ్బరు షీటు ముక్క. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో, అంటే కంప్యూటరు లెక్కించి పెట్రోలు చిమ్మే బండిలో, ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే పెద్ద గొట్టాన్ని విప్పి, థ్రాటిల్ బాడీ (థ్రాటిల్ పలక ఉండే డబ్బా) మూతికి ఆ పలకను గట్టిగా ఆనించాలి. అరచేతితో ఈ పని చేయవద్దు; లాగుడు బలంగా ఉంటుంది, వెనక్కి మంట కొట్టే అవకాశమూ ఉంటుంది. కొన్ని బండ్లలో ఐడిల్ వాల్వుకు, అంటే థ్రాటిల్ పక్కగా ఐడిల్ గాలిని వదిలే వాల్వుకు, ఫిల్టర్ డబ్బా నుంచి వేరే గొట్టం వస్తుంది. దానిని కూడా అదే సమయంలో మూయాలి. పలక ఆనించగానే ఇంజన్ ఒకటి రెండు సెకన్లలో ఆగిపోయిందంటే, అదనపు గాలి ముందు ద్వారం నుంచే వస్తోంది. అంటే థ్రాటిల్ పూర్తిగా మూసుకోవడం లేదు, లేదా దాని పక్కగా పోయే అధికారిక దారి ఏదో తెరిచి ఉండిపోయింది. అలా కాక, మూతి మూసినా ఇంజన్ తిరుగుతూనే ఉంటే, థ్రాటిల్ దాటిన తరువాత ఎక్కడో గండి పడింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగ ఇంట్లో ఉన్నాడా బయట ఉన్నాడా అన్నది ఆ పలక చెప్పేస్తుంది.

గాలి లాగుడుతోనే పెట్రోలు కలిపే కార్బురేటర్ ఉన్న బండిలో ఇదే పరీక్షను కాస్త మార్చి చేయాలి. మూతిని పూర్తిగా మూస్తే చోక్ (చల్లని ఇంజన్ కోసం గాలి తగ్గించే మూత) వేసినట్టై పెట్రోలు విపరీతంగా లాగబడి ఇంజన్ ఎలాగైనా తడబడుతుంది. అందుకని సగం మాత్రమే మూసి చూడాలి. సగం మూయగానే వేగం ఇంకా పెరిగి నడక నున్నబడితే, అప్పటివరకు మిశ్రమంలో పెట్రోలు తక్కువగా, గాలి ఎక్కువగా ఉందని అర్థం. గండి కోసం వెతకాలి. మూయగానే మొరాయించి, నల్లపొగ వదిలితే మిశ్రమం ముందే చిక్కగా ఉందన్న మాట. అప్పుడు అనుమానం చోక్ మీదికి, థ్రాటిల్ మీదికి వెళ్లాలి.

ముందు ద్వారమే దోషి అని తేలితే, వెతుకులాట బానెట్ కింద కాక డ్రైవరు కాళ్ల దగ్గర మొదలుపెట్టండి. రబ్బరు మ్యాటు ముందుకు జరిగి పెడల్ కింద ఇరుక్కున్న బండ్లు నేను చాలా చూశాను. ఇది చెప్పడానికి సిగ్గుపడవలసిన విషయం కాదు. తరువాత యాక్సిలరేటర్ కేబుల్‌ను థ్రాటిల్ దగ్గర ఊడదీయండి. వేగం వెంటనే దిగితే లోపం కేబుల్‌ది. పాత కేబుల్‌లో తీగపోగు ఒకటి తెగి, గొట్టం అంచుకు ముల్లులాగా గుచ్చుకుని, వెనక్కి రానివ్వదు. కేబుల్ మంచిదే అయినా ఇంజన్ మౌంటింగ్ రబ్బరు కుంగిపోతే, ఇంజన్ ఒక పక్కకు వాలి కేబుల్‌ను తానే లాగుతుంది. గేరు వేయగానే ఐడిల్ మారుతోందని చెప్పే బండ్లలో దీనిని తప్పక చూడాలి.

కేబుల్ ఊడదీసినా వేగం దిగకపోతే, థ్రాటిల్ చేతిని, అంటే పలకను తిప్పే మీటను, వేలితో మూసే దిశలో నొక్కి చూడండి. నొక్కితే దిగితే, స్ప్రింగు బలం పోయింది, లేదా పలక అంచున పేరుకున్న మసి దానిని చివరిదాకా రానివ్వడం లేదు. టార్చి వేసి చూస్తే ఆ మసి థ్రాటిల్ గొంతు లోపల సన్నని నల్లని వలయంలాగా కనిపిస్తుంది. మెత్తని గుడ్డతో, తగిన క్లీనరుతో తుడవాలి తప్ప గీకకూడదు. కొన్ని థ్రాటిల్ బాడీలకు లోపల ప్రత్యేకమైన పూత ఉంటుంది, అది పోతే మళ్లీ రాదు. ఇక్కడ ఒక హెచ్చరిక. మసి పట్టిన థ్రాటిల్‌కు అలవాటుపడ్డ కంప్యూటరు ఐడిల్ వాల్వును ఎక్కువగా తెరిచి ఉంచడం నేర్చుకుని ఉంటుంది. శుభ్రం చేయగానే వేగం కొంతకాలం పెరగవచ్చు. అది మీ తప్పు కాదు. ఆ బండికి చెప్పిన పద్ధతిలో ఐడిల్‌ను మళ్లీ నేర్పించాలి.

పాత కార్బురేటర్లలో నాకు ప్రత్యేకంగా ఇష్టమైన భాగం ఫాస్ట్ ఐడిల్ క్యామ్. మెట్లు కోసిన చిన్న అర్ధచంద్రం లాంటి ముక్క అది. చల్లని ఇంజన్‌లో చోక్ మూసుకున్నప్పుడు ఆ ముక్క తిరిగి, థ్రాటిల్ చేతి కింద తన ఎత్తైన మెట్టును పెడుతుంది. ఇంజన్ వేడెక్కేకొద్దీ చోక్ తెరుచుకుని, క్యామ్ ఒక్కొక్క మెట్టే కిందికి దిగుతుంది. కానీ థ్రాటిల్ చేయి దాని మీద ఆని ఉన్నంతసేపు అది కదలలేదు. అందుకే చల్లని బండిని మొదలుపెట్టిన కాసేపటికి యాక్సిలరేటర్‌ను ఒకసారి తట్టమని పాత డ్రైవర్లు చెబుతారు. ఏళ్ల తరబడి దుమ్ము, పెట్రోలు జిగురు కలిసి దాని ఇరుసు బిగుసుకుపోతే, చోక్ పూర్తిగా తెరుచుకున్నా క్యామ్ మాత్రం రెండో మెట్టు మీదే నిద్రపోతుంది. వేలితో ఒక్కసారి కిందికి తోస్తే టక్‌మని దిగి, ఇంజన్ శాంతిస్తుంది. ఆ శబ్దం విన్నాక మీకు కార్బురేటర్ విప్పే పని తప్పినట్టే. చేత్తో లాగే చోక్ ఉన్న బండిలో అయితే, లోపలికి పూర్తిగా తోసినా కేబుల్ బిగుసుకుని చోక్ సగంలో నిలబడిందేమో చూడాలి.

ఇంజెక్షన్ బండ్లలో ఇదే పని చేయడానికి వేరే ఏర్పాట్లు ఉంటాయి. కొన్నిటిలో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు) వేడికి వ్యాకోచించే మైనపు గుళిక ఒక దారిని మూస్తుంది. చాలావాటిలో కంప్యూటరు నడిపే ఐడిల్ వాల్వు ఉంటుంది. కొన్నిటిలో రెండూ ఉంటాయి. మైనపు వాల్వు పని చేయాలంటే దాని దగ్గరికి వేడి నీళ్లు రావాలి. రేడియేటర్‌లో నీళ్లు తగ్గినా, నీళ్ల దారిలో గాలి బుడగ నిలిచినా, థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకుని ఉండిపోయి ఇంజన్ వేడెక్కకపోయినా అది మూసుకోదు. ఐడిల్ ఎక్కువని వచ్చిన బండికి నేను మొదటి ఐదు నిమిషాల్లోనే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, రేడియేటర్ మూత తీసి చూడడం అందుకే. వేడి మీద ఎవరూ ఆ మూత తీయవద్దు.

ఇంజన్ వేడిని కంప్యూటరుకు చెప్పే సెన్సరు అబద్ధం చెప్పినా ఇదే ఫలితం. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. చాలా బండ్లలో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు మూడు వేల ఓంలు, 80 డిగ్రీల దగ్గర రెండు మూడు వందల ఓంలు ఉంటుంది. మల్టీమీటరుతో చూడడానికి రెండు నిమిషాలు చాలు. దాని కనెక్టరులో పచ్చటి తుప్పు పడితే నిరోధం పెరిగి, మరిగే ఇంజన్ కూడా కంప్యూటరుకు చల్లగా కనిపిస్తుంది. అది వేగమూ పెంచుతుంది, పెట్రోలూ ఎక్కువ పోస్తుంది. పలక ఎంత తెరిచి ఉందో చెప్పే థ్రాటిల్ సెన్సరు కూడా అంతే. మూసి ఉన్నప్పుడు చాలా బండ్లలో అర వోల్టు దగ్గర ఉండవలసిన సంకేతం ఎక్కువగా వస్తే, డ్రైవరు కాలు ఇంకా పెడల్ మీదే ఉందని కంప్యూటరు అనుకుని ఐడిల్ బాధ్యతే తీసుకోదు.

ఇక గండ్ల విషయం. గాలి గండి పడినప్పుడు అన్ని బండ్లూ ఒకేలా ప్రవర్తించవు, ఈ తేడా తెలియక చాలామంది దారి తప్పుతారు. మ్యానిఫోల్డ్ పీడనం చూసి పెట్రోలు లెక్కించే బండిలో, దొంగదారిన వచ్చిన గాలి కూడా పీడనంలో కనిపిస్తుంది కాబట్టి కంప్యూటరు దానికి సరిపడా పెట్రోలు పోస్తుంది. ఇంజన్ చక్కగా, నున్నగా, కానీ ఎక్కువ వేగంతో తిరుగుతుంది. లోపలికి వచ్చే గాలిని ముందు ద్వారం దగ్గరే కొలిచే బండిలో ఆ దొంగగాలి లెక్కలోకి రాదు. మిశ్రమం పలచబడి, ఐడిల్ పెరగడం కంటే వణుకు, తడబాటు ఎక్కువగా కనిపిస్తాయి. కార్బురేటర్ బండిలో చిన్న గండి వేగాన్ని పెంచుతుంది, పెద్ద గండి ఆర్పేస్తుంది.

ఊయల ఊగే ఐడిల్‌కు కూడా మూలం తరచుగా ఇక్కడే ఉంటుంది. పెడల్ మీద కాలు లేకుండా ఇంజన్ ఒక హద్దు దాటి తిరుగుతుంటే, బండి వాలులో దిగుతోందనుకుని కంప్యూటరు పెట్రోలు ఆపేస్తుంది. వేగం పడిపోగానే మళ్లీ పోస్తుంది. గండి అలాగే ఉంది కాబట్టి వేగం మళ్లీ హద్దు దాటుతుంది, పెట్రోలు మళ్లీ ఆగుతుంది. ఇంజన్ ఇలా ఊగుతుంటే కంప్యూటరు చెడిపోయిందని మార్చినవారూ ఉన్నారు. కంప్యూటరు తన పని తాను సక్రమంగా చేస్తున్నందువల్లే అది ఊగుతోంది.

గండి పట్టుకోవడానికి మంటకు అంటుకునే స్ప్రేలు కొట్టడం చాలాచోట్ల చూస్తాం. వేడి సైలెన్సరు, నిప్పురవ్వలు ఎగిరే పాత ప్లగ్ వైర్లు పక్కనే ఉండగా ఆ పని చేయవద్దని నా మాట. నీళ్లు పిచికారీ చేసినా సరిపోతుంది. గండి మీద నీళ్లు పడగానే ఒక్క క్షణం దారి మూసుకుని శబ్దమూ వేగమూ మారతాయి. మీటరు పొడవున్న రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను గ్యాస్‌కెట్ల (అతుకుల మధ్య పెట్టే ముక్కల) వెంట, గొట్టాల వెంట తిప్పితే "స్‌స్‌" ఎక్కడ గట్టిపడుతుందో అదే చోటు. కదిలే ఫ్యానుకూ బెల్టుకూ ఆ గొట్టం అందకుండా చూసుకోవాలి. తరువాత వాక్యూమ్ గొట్టాలను ఒక్కొక్కటిగా, గుడ్డ చుట్టిన ప్లయరుతో నొక్కి చూడాలి. ఇంజన్ అడుగు భాగంలోని ఆవిర్లను మ్యానిఫోల్డ్‌లోకి లాగే పీసీవీ వాల్వు గొట్టం నొక్కినప్పుడు వేగం కొద్దిగా తగ్గడం సహజం. చాలా ఎక్కువగా తగ్గితే ఆ వాల్వు తెరుచుకుని ఉండిపోయిందేమో చూడాలి.

ఈ నొక్కే పనిలో నేను స్వయంగా చేసిన పొరపాటు ఒకటి ఉంది. పాత కార్బురేటర్ కారు ఒకటి వేడెక్కాక 1600 దగ్గర నిలబడుతోందని నా దగ్గరికి వచ్చింది. అప్పటికే వేరే చోట కార్బురేటర్‌ను రెండుసార్లు విప్పి బిగించారు. పలకతో సగం మూస్తే వేగం పెరిగింది కాబట్టి గండి ఉందని తేలింది. గొట్టాలన్నీ నొక్కాను, వాక్యూమ్‌తో బ్రేకుకు బలమిచ్చే బ్రేక్ బూస్టర్ గొట్టంతో సహా, ఏమీ మారలేదు. మ్యానిఫోల్డ్ గ్యాస్‌కెట్ మార్చాను. అదీ కాదు. పూటంతా పోయిన తరువాత మళ్లీ మొదటి నుంచి చూస్తే, బూస్టర్ గొట్టాన్ని నేను బూస్టర్ వైపు కొసన నొక్కానని గుర్తొచ్చింది. గొట్టం అడుగున, మ్యానిఫోల్డ్‌కు జానెడు దూరంలో, అది ఇనుప బ్రాకెట్‌కు రాసుకున్న చోట గోటి గీతంత చీలిక ఉంది. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు బిగుసుకుని మూసుకునేది. వేడికి మెత్తబడి, నోరు తెరిచేది. నేను నొక్కిన చోటుకూ మ్యానిఫోల్డ్‌కూ మధ్యనే ఆ చీలిక ఉన్నప్పుడు నా ప్లయరు ఎంత బిగించినా ఏం లాభం? ఆనాటి నుంచి ఏ గొట్టాన్నైనా మ్యానిఫోల్డ్ మొదట్లోనే నొక్కుతున్నాను.

గాలితో సంబంధం లేని కారణం కూడా ఒకటుంది, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్న బండ్లలో. ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పు వేసే క్షణం) ముందుకు జరిగితే అదే గాలితో ఇంజన్ వేగంగా తిరుగుతుంది. వేగాన్ని బట్టి టైమింగ్‌ను జరిపే, డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువుల గ్రీజు ఎండి బిగుసుకున్నా, వాటి స్ప్రింగు సాగిపోయినా, కాలు తీసిన తరువాత టైమింగ్ వెనక్కి రాక, వేగం పైనే వేలాడుతుంది. టైమింగ్ లైటు ఉంటే తేల్చుకోవడం తేలిక. పాత బండి దగ్గర దాన్ని వాడకుండా కార్బురేటర్ మీద చేయి వేయడం నాకు నచ్చదు.

ఇప్పుడు స్క్రూ దగ్గరికి వద్దాం, ఆ కారుతోనే. గొట్టం మార్చి ఇంజన్ మొదలుపెట్టగానే, పెడల్ వదిలిన మరుక్షణం అది ఆగిపోయింది. "ముందు తిరిగేది, ఇప్పుడు అదీ లేదు" అని యజమాని ముఖం చిన్నబోయింది. జరిగింది ఇది: 1600ను దించడానికి అంతకుముందు ఎవరో ఐడిల్ స్క్రూను పూర్తిగా వెనక్కి తీసేశారు. థ్రాటిల్ పలక గొంతులో బిగుసుకుపోయేంతగా మూసుకుంది. చీలికలోంచి వచ్చే గాలి మీదే ఆ ఇంజన్ ఇన్నాళ్లూ బతికింది. చీలిక పోగానే దానికి ఊపిరి లేదు. పలకను వదులు చేసి, స్క్రూ కేవలం తాకే చోటు నుంచి ఒకటిన్నర చుట్టు లోపలికి తిప్పి ఇంజన్‌ను నిలబెట్టాను. పెట్రోలు, గాలి పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూను అటూ ఇటూ తిప్పి వేగం ఎక్కడ అత్యధికమో అక్కడ ఉంచి, ఐడిల్ స్క్రూతో 800కు దించి, మళ్లీ మిక్చర్ చూసి, మళ్లీ ఐడిల్ చూశాను. ఈ రెంటినీ ఇలా రెండు మూడుసార్లు మార్చి మార్చి సరిచేయక తప్పదు. ఇంజెక్షన్ బండిలో అయితే థ్రాటిల్ ఆపే స్క్రూ ఫ్యాక్టరీలో అమర్చినది, దాని మీది రంగు గుర్తు చెదరకుండా ఉంటే దాని జోలికే పోకండి; ఐడిల్ కోసం వేరే స్క్రూ ఇచ్చి ఉంటే, మాన్యువల్ చెప్పిన విధంగా ఐడిల్ వాల్వును పక్కన పెట్టి దానినే తిప్పాలి.

ఆ కారును అరగంట రోడ్డు మీద తిప్పి తీసుకువచ్చి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా నిలబెట్టాం. బ్రేకు నాలుగుసార్లు తొక్కి చూశాం, దీపాలు వేసి చూశాం. సూది 800 మీదే ఉంది. అప్పుడు ఎయిర్ ఫిల్టర్ డబ్బా బిగించాం.